బెలూన్ ఎక్కేముందు మీ బరువు అడిగారా?

తిరుపతి, చిత్తూరు నుంచి హాట్ ఎయిర్ బెలూన్ ఎక్కాలనుకునేవాళ్ళు సాధారణంగా జైపూర్‌కో, టర్కీలోని కపడోసియాకో టూరు వేసుకుంటారు. ఇక్కడ రేణిగుంట విమానాశ్రయం దగ్గరే ఉంది కాబట్టి ఎయిర్ ట్రాఫిక్ వాళ్ళ అనుమతి లేకుండా బెలూన్ ఎగరేయడం కుదరదు. ఉత్సవాల్లో కనబడితే తాళ్ళతో కట్టి కాస్త పైకి లేపే రకమే కనబడొచ్చు. ఎక్కడ ఎక్కినా జాగ్రత్తలు ఒకటే, వాటిలో చాలావరకు బుట్టలో కాలు పెట్టకముందే తీసుకోవాల్సినవి.

మొదట బరువు. బెలూన్‌కి ఇంజను లేదు, స్టీరింగ్ లేదు. లోపలి గాలి బయటి గాలికంటే ఎంత వేడిగా ఉందన్నదే దాని బలం. సుమారు 3,000 ఘనమీటర్ల బెలూన్‌లో గాలి 100 డిగ్రీలు, బయట 20 డిగ్రీలు ఉంటే మొత్తం 775 కిలోల దాకా ఎత్తుతుంది. బయట 30 డిగ్రీలైతే 655 కిలోలే. సంచి, బుట్ట, బర్నరు, గ్యాస్ సిలిండర్లు, పైలట్ అందరూ ఆ లెక్కలోనే. డిసెంబరు తెల్లవారుజామున హాయిగా లేచిన బెలూన్‌ నుంచే మే నెలలో దాదాపు ఇద్దరిని దించాలి. దించకపోతే సంచిని అతిగా వేడి చేయాల్సి వస్తుంది, గుడ్డ దెబ్బతింటుంది, కిందికి జారుతున్నప్పుడు ఆపే శక్తి మిగలదు. అందుకే మీ బరువు అడగనివాళ్ళకి డబ్బు కట్టొద్దు. అడిగినప్పుడు సిగ్గుపడి నాలుగు కిలోలు తగ్గించి చెప్పొద్దు.

మన దేశంలో రిజిస్టరైన బెలూన్ మీద ‘వీటీ’తో మొదలయ్యే అక్షరాలు ఉంటాయి. పైలట్ దగ్గర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన బెలూన్ లైసెన్సు ఉండాలి, చూపించమని అడగండి. వాతావరణం బాగాలేక రద్దయితే డబ్బు వాపసిస్తారా అన్నదీ ముందే తేల్చుకోండి. వాపసు ఇవ్వని చోట ఎలాగైనా ఎగరేయాలనే ఒత్తిడి ఉంటుంది.

గాలి సంగతి పైలట్ చూసుకుంటాడులే అని వదిలేయొద్దు. నేల మీద గాలి గంటకి 15 నుంచి 18 కిలోమీటర్లు దాటితే ప్రయాణికులతో బయల్దేరకూడదు. మంచి పైలట్ చిన్న హీలియం బుడగ వదిలి, అది ఏ ఎత్తులో ఎటు కొట్టుకుపోతుందో చూస్తాడు. సూర్యోదయం దాటిన రెండు మూడు గంటలకి నేల కాగి గాలి ఎగదన్నుతుంది, కాబట్టి ఎనిమిదిన్నరకి రమ్మన్న ఆపరేటరుని అనుమానించండి. శేషాచలం లాంటి కొండల వారన గాలి కొండ దాటి సుళ్ళు తిరుగుతూ కిందికి దిగుతుంది, అక్కడ బెలూన్ పని కాదు. పలమనేరు, కుప్పం వైపు చలికాలం పొద్దున్నే కమ్మే పొగమంచు ఇంకా ప్రమాదం. 2016 జులై 30న టెక్సాస్‌లోని లాక్‌హార్ట్ దగ్గర మంచు, మబ్బులున్న పొద్దున లేచిన బెలూన్ హైటెన్షన్ తీగలకి తగిలి 16 మంది చనిపోయారు.

కరెంటు తీగలు పైనుంచి కనబడవు, స్తంభాలు కనబడతాయి. మామిడి తోటల మధ్య ట్రాన్స్‌ఫార్మరో, బోరు మోటారు షెడ్డో కనబడిందంటే దానికి తీగ ఎటునుంచో వచ్చినట్టే. చూసినవెంటనే పైలట్‌కి చెప్పండి, అతనికి తెలిసే ఉంటుందని ఊరుకోవద్దు. తగలడం తప్పదనుకుంటే పైలట్ పైకి లేపడు, సంచి నెత్తిన ఉన్న మూత తెరిచి గబగబా దించేస్తాడు. తీగకి బుట్ట తగలడంకంటే సంచి తగలడం నయం. తీగల్లో చిక్కుకున్న బెలూన్‌ని కింద ఉన్నవాళ్ళెవరూ ముట్టకూడదు. 1912కి ఫోన్ చేసి కరెంటు ఆపించాకే దగ్గరికి వెళ్ళాలి.

బట్టలు నూలువే వేసుకోండి. నైలాన్, పాలిస్టర్ నిప్పురవ్వకి కరిగి ఒంటికి అంటుకుంటాయి. చీర కొంగు, చున్నీ బిగించి కట్టుకోవాలి, గాలి నింపే ఫ్యాను దగ్గరికి అసలు పోవద్దు. చెప్పులు కాదు, బూట్లు. కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్ళు నూలు టోపీ మర్చిపోకండి, బర్నరు వేడి నేరుగా గుండు మీదే పడుతుంది. గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, మోకాలు, నడుం, ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్ళు ఎక్కకపోవడమే మేలు. ఎందుకంటే దెబ్బలు ఎక్కువగా తగిలేది దిగేటప్పుడే. బుట్ట నేలని కొట్టుకుని, పక్కకి ఒరిగి, కొంతదూరం ఈడ్చుకుపోవచ్చు.

పైలట్ చెప్పగానే ఫోను జేబులో పెట్టి, బుట్ట వెళ్తున్న వైపుకి వీపు తిప్పండి. మోకాళ్ళు కాస్త వంచి, వీపు, తల బుట్ట గోడకి ఆనించి, లోపలి తాడు పిడులు రెండు చేతులా పట్టుకోండి. బర్నరు ఫ్రేమునీ, గ్యాస్ పైపుల్నీ పట్టుకోవద్దు, చేతులు బయటికి పెట్టొద్దు.

బుట్ట ఆగినా చెప్పేదాకా దిగకండి. ఒక్కరు దూకినా 60, 70 కిలోలు తగ్గి మిగతావాళ్ళతో బెలూన్ లేచిపోతుంది. 2013 ఫిబ్రవరి 26న ఈజిప్టులోని లక్సోర్‌లో దిగుతున్న బెలూన్‌లో గ్యాస్ పైపు నుంచి మంట లేచింది. పైలట్ బయటపడ్డాడు, తేలికైన బెలూన్ మంటలతో పైకెగిరి కూలింది. ఎక్కిన 21 మందిలో 19 మంది పోయారు.

తాడుకి కట్టిన బెలూన్ భయం లేనిదని అనుకుంటారు గానీ, ఎగిరే బెలూన్ గాలితోపాటు పోతుంది, కట్టినది గాలికి ఎదురొడ్డి నిలబడాలి. అందుకే ఎగరడానికి సరిపోయే గాలి కూడా దీనికి ఎక్కువే. తాళ్ళు కనీసం మూడు ఉండాలి, బరువైన వాహనాలకి కట్టాలి, ఊరి కుర్రాళ్ళ చేతికి ఇవ్వకూడదు. సాయం పట్టమని మీకే ఇస్తే తాడుని చేతికి చుట్టుకోవద్దు, మడమలు లేస్తున్నాయనిపించిన క్షణమే వదిలేయండి.