చెరువుకట్ట మీద కూర్చుని నాటు పొలాలను నీటిరంగుల్లో వేయడం ఎలా?

వానాకాలం నాట్లు సాగే రోజుల్లో పాఖాల, రామప్ప, లక్నవరం చెరువుల కింది ఆయకట్టులో బొమ్మకు కావలసినవన్నీ ఒకేచోట దొరుకుతాయి. వెనక గుట్టలు, మధ్యలో తాటిచెట్లు, ముందు నీళ్లు నిలిచిన మళ్లు. ఇంత అందుబాటులో ఉన్నా చాలా బొమ్మలు ఒకే కారణంతో చెడిపోతాయి: పొలం అనగానే ట్యూబులోని పచ్చరంగు పిండేయడం. కొత్తగా నాటిన మడిలో పచ్చదనం కన్నా ఆకాశమే ఎక్కువ కనిపిస్తుంది. ముందు దాన్ని చూడటం అలవాటు చేసుకోవాలి.

వెంట తీసుకెళ్లేవి

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) కాటన్ పేపర్, గరుకు కొద్దిగా ఉన్నది. ఫుల్ షీట్‌లో నాలుగో వంతు, అంటే 28×38 సెంటీమీటర్లు, బయట ఒక పూటలో పూర్తయ్యే సైజు. ఇంతకన్నా పలుచని కాగితం తడవగానే ఉబ్బి అలలు తేలుతుంది, రంగు ఆ పల్లాల్లోకి చేరుతుంది. కాగితాన్ని అట్టమీద నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో బిగించండి.

రంగులు ఆరు చాలు: అల్ట్రామెరైన్ (ముదురు నీలం), సెరూలియన్ (ఆకాశనీలం), లెమన్ యెల్లో, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు), అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు). చివరిదాంట్లో 'పర్మనెంట్' అని రాసినదే కొనండి. పాత రకం వెలుగు తగిలితే కొన్నేళ్లకు వెలిసిపోతుంది. నలుపు అక్కర్లేదు, అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా చిక్కగా కలిపితే అంతకన్నా మంచి నలుపు వస్తుంది. అంగుళం వెడల్పు ఫ్లాట్ బ్రష్, 12, 6 నంబర్ల రౌండ్ బ్రష్‌లు, సన్నగీతలకు రిగ్గర్ (పొడవు కుచ్చున్న సన్న బ్రష్), రెండు నీళ్ల డబ్బాలు (ఒకటి కడగడానికి, ఒకటి రంగు కలపడానికి), పాత నూలుగుడ్డ.

గొడుగు తప్పనిసరి, అదీ నల్లదే. రంగుల గొడుగు కింద కూర్చుంటే ఆ రంగు కాగితం మీద పడి కన్ను మోసపోతుంది. ఎండ నేరుగా కాగితం మీద పడ్డా కష్టమే: వేసిన రంగు లేతగా కనిపించి ఇంకా చిక్కగా వేసేస్తారు, ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా మసకబారి ఉంటుంది.

ముందు చిన్న నమూనా

అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద గడిలో పెన్సిల్‌తో మూడే ఛాయల్లో దృశ్యాన్ని పరచండి: తెల్లగా వదిలేది, మధ్యరకం, ముదురు. ఐదు నిమిషాల పని. నీడలు ఏ వైపు పడుతున్నాయో ఇందులోనే గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే గంట తిరిగేసరికి అవి జరిగిపోతాయి. జరిగిన నీడను వెంబడిస్తూ దిద్దితే బొమ్మలో రెండు సూర్యుళ్లు తేలతారు.

తరువాత క్షితిజరేఖ. ఇది ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. కట్ట ఎత్తు మీద కూర్చున్నారు కాబట్టి కింద నాటు వేస్తున్న వాళ్లు తలతో సహా ఈ గీత కిందికే రావాలి. చాలామంది అలవాటుకొద్దీ తలలను గీత మీదికి తెస్తారు. అప్పుడు పొలంలో మనుషులు కాదు, రాక్షసులు నిలబడ్డట్టుంటుంది.

ఆకాశం, గుట్టలు

అట్టను పై వైపు నాలుగు వేళ్ల ఎత్తు లేపండి. ఆకాశం మేర మంచినీళ్లతో తడిపి, పైన అల్ట్రామెరైన్, కిందికి వచ్చేకొద్దీ సెరూలియన్, గుట్టల దగ్గర యెల్లో ఓకర్ చాలా పలచగా. ఆరాక రంగు ఒక మెట్టు తేలిపోతుంది, అందుకే తడిలో కాస్త ఎక్కువే అనిపించేలా వేయాలి. సగం ఆరిన చోట మళ్లీ తడి బ్రష్ పెట్టొద్దు. కొత్త నీరు పాత రంగును తోసేసి గోబిపువ్వు అంచులాంటి మచ్చ కడుతుంది. కట్టిందా, వదిలేయండి, పూర్తిగా ఆరాక చూద్దురు గాని. వానాకాలంలో ఆరడానికి చాలాసేపు పడుతుంది. మెరుపు పోయిందని తొందరపడకుండా చెయ్యి వెనకవైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

గుట్టలకు అల్ట్రామెరైన్, చిటికెడు బర్న్ట్ సియెన్నా, ఎక్కువ నీళ్లు. దూరపు గుట్ట మీద ఒక్క చెట్టునూ విడిగా వేయొద్దు. చెర్యాల పటాల్లో వెనకంతా ఎర్రరంగు నిండి ఉంటుంది, అక్కడ కథే ముఖ్యం, దూరంతో పనిలేదు. ఇక్కడ దూరమే బొమ్మ.

మళ్లు

అసలు పని ఇదే. ఒడ్లను ముందు పెన్సిల్‌తో గీయండి; దగ్గరి ఒడ్ల మధ్య ఎడం ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గుతూ చివరికి దాదాపు కలిసిపోవాలి. ఒడ్లను వదిలేసి మడి లోపల ఆకాశానికి వాడిన రంగులనే తలకిందులుగా వేయండి: దూరపు మడి లేత ఓకర్, దగ్గరికొచ్చేకొద్దీ నీలం. పూర్తిగా ఆరనివ్వండి.

అప్పుడు నాటు. నాలుగు పాళ్లు లెమన్ యెల్లోకి ఒక పాలు సెరూలియన్. 6 నంబర్ బ్రష్ కొనతో చిన్నచిన్న నిలువు గీతలు, ముందువరుసలో గోరంత, వెనక చుక్కలు, ఇంకా వెనక ఒకే పలచని పూత. నారుమడి మాత్రం చిక్కటి పచ్చ, అక్కడ మధ్యలో నీళ్లు చూపొద్దు. ఈ రెండు పచ్చల తేడా కనిపిస్తేనే అది నాట్ల కాలమని పల్లె తెలిసినవాళ్లు గుర్తుపడతారు.

ఒడ్ల మట్టికి బర్న్ట్ సియెన్నాలో ఓకర్. దాని మీద నీడకు అల్ట్రామెరైన్, అలిజరిన్ కలిపిన పలచని ఊదా పూత ఒక్కసారి పోనిచ్చి వదిలేయాలి; రెండోసారి రుద్దితే కింది ఎరుపు లేచి బురదవుతుంది.

చెట్లు, ప్రతిబింబాలు

తాటాకు విసనకర్రలా గుండ్రంగా విచ్చుకుంటుంది, ఈతాకు ఈకలా పొడవు. తాటిమొద్దు మీద కొబ్బరిమట్టలు అతికించిన బొమ్మలు ఎన్నో కనిపిస్తాయి. కల్లు గీసే ఈతచెట్టుకు ఇంకో గుర్తుంది: ఒక ఏడు ఒకవైపు, మరుసటి ఏడు ఎదురువైపు గీస్తారు కాబట్టి మొద్దు మెట్లుమెట్లుగా వంకర తిరుగుతుంది. ఆ వంకర నాలుగు గీతల్లో చూపించి, పైన లొట్టి ఒకటి వేలాడదీస్తే చాలు.

ప్రతిబింబం చెట్టు మొదలుకు సరిగ్గా కిందే పడుతుంది. నీడలా పక్కకు వాలదు. ముదురు వస్తువు నీళ్లలో కొంచెం లేతగా, తెల్లటిది కొంచెం ముదురుగా కనిపిస్తుంది. ఒడ్డుకు వెనగ్గా ఉన్న చెట్టైతే కింది భాగాన్ని ఒడ్డే మింగేస్తుంది, కొస మాత్రమే నీళ్లలో తేలుతుంది. అన్నీ నిలువు గీతలతో వేసి, ఆరాక దాదాపు పొడిగా ఉన్న ఫ్లాట్ బ్రష్‌ను అడ్డంగా ఒకటి రెండుసార్లు లాగండి, గాలికి నీళ్లు కదిలినట్టుంటుంది.

నాటు వేసే ఆడవాళ్లకు ముఖాలు అక్కర్లేదు. వంగిన నడుము, చీర రంగు చుక్క, కింద చిన్న ప్రతిబింబం. ముగ్గురు నలుగురు ఉంటే సమాన దూరంలో పెట్టకండి.

టేపు పూర్తిగా ఆరాకే తీయండి, బొమ్మ నుంచి బయటివైపుకు, కాగితానికి ఆనించినట్టు మెల్లగా లాగుతూ. తడిగా ఉండగా లాగితే అంచు చీలుతుంది. వానాకాలంలో బొమ్మలను ప్లాస్టిక్ కవర్లో మూసేస్తే బూజు పడుతుంది. ఒక్కోదాని మధ్య తెల్లకాగితం పెట్టి అట్ట ఫోల్డర్‌లో ఉంచండి, గోడకు పెట్టేదైతే ఫ్రేము అద్దం కాగితానికి తగలకుండా చుట్టూ మౌంట్ (మందపాటి అట్ట అంచు) వేయించండి.