కెంపు ఉంగరం తెల్లబడిందా, నల్లబడిందా, వదులైందా? కారణం, పరిష్కారం

పెళ్ళై నెల తిరగని ఒక అమ్మాయి ఉంగరం తెచ్చి నా రిపేరు బల్ల మీద పెట్టింది. నిశ్చితార్థంలో తొడిగిన కెంపు. పదహారు రోజుల పండగకి ముందు నగలన్నీ శుభ్రం చేస్తూ దీన్ని కూడా నిమ్మరసం కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టారట. లెన్స్ కింద చూస్తే రాయి నిండా సాలెగూడు అల్లినట్టు తెల్లటి గీతలు. "నేనే పాడు చేశానాండీ?" అంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ. తప్పు ఆ పిల్లది కాదు. ఆ రాయికి ఏం చేశారో చెప్పకుండా అమ్మినవాళ్ళది.

సమస్య: రాయి మీద సాలెగూడులాంటి తెల్ల గీతలు

కారణం: అది గాజు నింపిన కెంపు. పగుళ్ళతో నిండిన చవక కెంపుని తీసుకుని, ఆ పగుళ్ళలోకి సీసం కలిసిన గాజుని కరిగించి ఎక్కిస్తారు. 2004 ప్రాంతం నుంచి ఇలాంటివి మార్కెట్లోకి బాగా వచ్చాయి. కొన్నప్పుడు తళతళలాడుతుంది. పులుపు తగిలినా, కంసాలి మంట తగిలినా లోపలి గాజు దెబ్బతిని పగుళ్ళు బయటపడతాయి.

పరిష్కారం: ఇప్పటికే గీతలొచ్చిన రాయిని బాగుచేయలేం. బంగారం అలాగే ఉంచి రాయి మార్పించుకోవడమే. కొనేముందైతే పది రెట్ల లెన్స్ అడిగి, రాయిని దీపం కింద అటూ ఇటూ వంచి చూడండి. లోపల నీలం మెరుపు తళుక్కుమన్నా, చదునైన బుడగలు కనిపించినా ఆగిపోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వేడి చేసిన కెంపు వేరు, గాజు నింపిన కెంపు వేరు. రంగు తేలడానికి వేడి చేయడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, మార్కెట్లో ఉన్న కెంపుల్లో ఎక్కువ శాతం అలాంటివే. ఆ రంగు పోదు, భయం అక్కర్లేదు. కొందరు షాపువాళ్ళు రెండింటినీ కలిపి "ట్రీట్‌మెంట్ అయిన రాయండీ, అన్నీ అంతే" అంటారు. అన్నీ అంతే కాదు. ఏ ట్రీట్‌మెంటో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఆ షాపు దిగి వచ్చేయండి.

సమస్య: సైజు పెంచాక రాయి మసకబారి, గరుకైంది

కారణం: మాటు వేసేటప్పుడు రాయి తీయకుండా వెలిగారం పూసి మంట పెట్టారు. కెంపు ఎంత గట్టి రాయైనా, వేడి మీద వెలిగారం దాని పైపొరని తినేస్తుంది.

పరిష్కారం: గాజు నింపని రాయైతే మళ్ళీ పాలిష్ పట్టించవచ్చు, బరువు కొంచెం తగ్గుతుంది. ఇకమీదట ఏ పనికైనా "రాయి ఊడదీసి, పనయ్యాక మళ్ళీ పొదగండి" అని ముందే చెప్పండి. అసలు సైజు తేడా వచ్చేదే చాలాసార్లు దారంతో కొలిచి పంపడం వల్ల. నిశ్చితార్థానికైతే, అవతలివాళ్ళు ఉంగరం పెట్టుకోబోయే చేతికి, అదే వేలికి సరిపోయే పాత ఉంగరం ఒకటి తెప్పించుకోండి.

సమస్య: షాపులో నిప్పుకణికలా ఉంది, ఇంటికొచ్చాక వెలవెలబోయింది

కారణం షాపు లైట్లే. పసుపు వెలుగులో కెంపు మరింత ఎర్రగా కనిపిస్తుంది. మరీ ముదురు రాయి ఆ స్పాట్‌లైట్ కింద బాగుండి, మామూలు గదిలో నల్లగా ఉంటుంది. ఇంకొకటి, రాయిని పలుచగా కోస్తే వెలుతురు కిందికి జారిపోతుంది. వేళ్ళ మధ్య పెట్టి పైనుంచి చూడండి, రాయి గుండా మీ చర్మం గీతలు కనబడితే ఆ కోత బాగాలేనట్టే.

కొనేముందు గుమ్మం దాటి నీడలో, పగటి వెలుగులో మీ చేతి మీద పెట్టుకుని చూడండి. కొన్నాక దీనికి మందు లేదు.

సమస్య: ల్యాబ్‌లో ఇది కెంపు కాదన్నారు

బంగారం మీద హాల్‌మార్క్, అక్షరాలూ అంకెలూ కలిసిన 6 స్థానాల గుర్తింపు కోడ్ (హెచ్‌యూఐడీ) ఉన్నాయి కదా అంటారు. అవి బంగారం స్వచ్ఛతకే, రాయికి కాదు. ఎర్రగా ఉన్నదల్లా కెంపు కాదు. స్పినెల్ ఉంది, గార్నెట్ ఉంది. మన కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గార్నెట్లకి పేరున్న చోటే. బ్రిటిష్ కిరీటంలో ముందు భాగాన ఉన్న 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' కూడా నిజానికి స్పినెల్.

"మా నానమ్మ ఉంగరం, అసలుదే" అని ధీమాగా వచ్చేవాళ్ళకి చెప్పడం నాకు చాలా కష్టం. మంటలో పొడిని కరిగించి కెంపులు తయారుచేసే పద్ధతిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నూయ్ 1902లో ప్రకటించారు. అంటే వందేళ్ళ నాటి నగలోనూ తయారుచేసిన రాయి ఉండొచ్చు. పాలల్లో వేసి చూడటం, యూవీ టార్చి కొట్టడం నమ్మకండి. తయారుచేసిన కెంపు కూడా టార్చి కింద ఎర్రగా వెలుగుతుంది.

పరిష్కారం ల్యాబ్ రిపోర్టు. దానిలో రాయి సహజమా, ట్రీట్‌మెంట్ ఏమిటి అన్న రెండు వరుసలూ చదవండి, నంబరు ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి సరిచూడండి. బరువు కారట్లలో ఉండాలి. 1 కారట్ ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే, పాత తూకమైన రత్తి లెక్క మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బిల్లులో రాయి బరువు తీసేశాకే బంగారం ధర కట్టారో లేదో చూసుకోండి.

సమస్య: పాతకాలం మోడల్ ఉంగరంలో రాయి నల్లబడింది

వెనక మూసేసిన గూడులో రాయి కింద మెరిసే రేకు ఉంటుంది. సబ్బునీళ్ళు లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది. రాయి బాగానే ఉంటుంది. పొదిగేవాళ్ళ దగ్గర రేకు మార్పించండి. ఇలాంటి ఉంగరాన్ని నీళ్ళలో ముంచకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. వెనక తెరిచిన సెట్టింగ్ అయితే గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్. నలుగుపిండి, పసుపు రాయి కిందే ఇరుక్కుంటాయి, అక్కడ తోమండి.

సమస్య: రాయి కదులుతోంది

చెవి దగ్గర పెట్టి వేలితో తట్టండి. టిక్‌టిక్ అంటే రాయిని పట్టుకునే ముళ్ళు వదులైనట్టు. 22 క్యారెట్ల బంగారం మెత్తన, సన్నటి ముళ్ళు తొందరగా అరుగుతాయి. వెంటనే తీసి డబ్బాలో పెట్టి బిగించడానికి ఇవ్వండి. రోజూ వంటపని, బండి నడపడం ఉన్న చేతికైతే ముళ్ళు 18 క్యారెట్లలో చేయించండి, లేదా రాయి చుట్టూ గట్టు కట్టే సెట్టింగ్ అడగండి.

సమస్య: కొన్నాక జాతకానికి పడదన్నారు

కెంపు సూర్యుడి రాయి కాబట్టి చాలా ఇళ్ళలో జ్యోతిష్యుణ్ణి అడిగే తొడుగుతారు. రెండు కుటుంబాలూ అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ మాట తేల్చుకోండి. అప్పటికే కొనేసి ఉంటే, బిల్లు మీద వాపసు షరతు చూసి, ఉంగరాన్ని తొడగకముందే, సైజు మార్పించకముందే షాపుకి తీసుకెళ్ళండి.