వేట రైఫిల్‌కు కొత్త బ్యారెల్: నమ్మదగిన గన్‌స్మిత్‌ను ఎంచుకోవడం ఎలా

వేట రైఫిల్‌లో మిగతా భాగాలు తరాల తరబడి నిలుస్తాయి గానీ గుండు దూసుకుపోయే గొట్టం, అంటే బ్యారెల్, మాత్రం అరుగుతుంది. తూటా పేలిన ప్రతిసారీ మండే వాయువులు, తూటా కూర్చునే చాంబర్‌కు ముందున్న గొంతు భాగాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. 308 విన్‌చెస్టర్ వంటి నెమ్మదైన తూటాతో ఈ అరుగుదల కనిపించడానికి సుమారుగా కొన్ని వేల గుళ్లు పట్టవచ్చు. సన్నని గొట్టంలో ఎక్కువ మందు మండించే 264 విన్‌చెస్టర్ మాగ్నం వంటి వాటితో అంతకంటే చాలా ముందే గురి చెదరడం మొదలవుతుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి, ఈ వ్యాసం అమెరికాలో ఉంటూ, అక్కడి చట్టం అనుమతించిన మేరకు జింకల వేటకో ఎల్క్ వేటకో వెళ్లే తెలుగువారిని ఉద్దేశించినది.

తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ కోసం వెతకడానికి ముందు బ్యారెల్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలి. గురి తప్పుతున్న రైఫిళ్లలో చాలావాటికి అసలు కారణం బ్యారెల్ కాదు. గురి చూసే స్కోపును పట్టి ఉంచే మరలు వదులవడం, బ్యారెల్ బిగిసి ఉండే రిసీవర్‌ను భుజానికి ఆనించే స్టాక్‌కు బిగించే మరలు సడలడం, గొట్టంలో రాగి పేరుకుపోవడం, గొట్టం కొస (మజిల్) అంచుకు, అంటే క్రౌన్‌కు దెబ్బ తగలడం వంటివి తక్కువ ఖర్చుతో సరిచేయగల లోపాలు. క్రౌన్ దెబ్బతిన్నదైతే దాన్ని లేత్ మీద మళ్లీ కోయించుకుంటే సరిపోతుంది. అందుకే, గొట్టంలోకి లోపలి భాగాన్ని చూపే బోర్‌స్కోప్ పెట్టి గొంతు దగ్గర లోహం పగుళ్లు బారిందో లేదో చూడకుండానే ‘మార్చేద్దాం, తీసుకురండి’ అనే గన్‌స్మిత్ మీద నాకు నమ్మకం కుదరదు. పనితనం గల మనిషి మొదట అడిగేది మీరు బ్యారెల్ ఎందుకు మార్చాలనుకుంటున్నారనే. ఆ తర్వాత ఏ తూటా వాడుతున్నారు, ఎంత దూరంలో కాలుస్తారు, గురి కాగితం మీద గుళ్ల గుంపు ఎప్పటినుంచి విచ్చుకుంటోంది అని ఆరా తీస్తాడు.

చట్టం సంగతి ముందే చూసుకోవాలి. అమెరికాలో తుపాకుల మరమ్మతును వృత్తిగా చేసేవారికి ఫెడరల్ లైసెన్సు ఉండాలి. అది ఉందో లేదో తుపాకుల నియంత్రణ చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవడానికి వీలుంది. బాగుచేయడానికి ఇచ్చిన తుపాకీ రాత్రికి కూడా దుకాణంలోనే ఉండేటట్లయితే, దాని వివరాలను గన్‌స్మిత్ తన పద్దు పుస్తకంలో రాసుకోవాలి. కాబట్టి సీరియల్ నంబరు రాసుకోకుండా రైఫిల్ తీసుకునేవాడి దగ్గర దాన్ని వదిలిపెట్టకండి. ఇక మనవారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. హెచ్-1బి వంటి వలసేతర వీసాపై వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు పొందినవారికి అందులో మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. రాష్ట్ర చట్టాలు వీటికి అదనం కనుక, మీ పరిస్థితిలో ఏ మాత్రం సందేహం ఉన్నా రైఫిల్‌ను ముట్టుకోకముందే న్యాయవాదిని అడగడం మంచిది.

మంచి గన్‌స్మిత్ ఆచూకీ ఊళ్లోని తుపాకుల దుకాణంలో కంటే షూటింగ్ రేంజిలో త్వరగా దొరుకుతుంది. ముఖ్యంగా రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీలకూ దూర లక్ష్యాల పోటీలకూ వచ్చేవారు బ్యారెళ్లను తరచుగా అరగదీస్తూ, మార్పిస్తూ ఉంటారు కాబట్టి ఎవరి పని ఎలాంటిదో వారికి అనుభవపూర్వకంగా తెలుసు. అయితే వారిని ‘మంచి గన్‌స్మిత్ ఎవరు?’ అని అడిగితే మొహమాటపు జవాబు వస్తుంది. ‘మీ రైఫిల్‌కు ఎవరు వేశారు, మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లారా?’ అని అడగండి. బ్యారెళ్లు తయారుచేసే సంస్థలను సంప్రదిస్తే, తమ గొట్టాలను క్రమం తప్పకుండా బిగించే గన్‌స్మిత్‌ల పేర్లు చెప్పే అవకాశం ఉంది. కొలరాడోలోని ట్రినిడాడ్ స్టేట్ కాలేజి, ఓక్లహోమాలోని మరీ స్టేట్ కాలేజి, నార్త్ కరోలినాలోని మాంట్‌గోమరీ కమ్యూనిటీ కాలేజి వంటి చోట్ల ఈ వృత్తిని పాఠ్యాంశంగా నేర్పుతారు. అక్కడ చదవడం మంచి పునాదే గానీ, బ్యారెల్ బిగించడంలో నేర్పు లేత్ ముందు గడిపిన ఏళ్లతోనే వస్తుంది. తుపాకీ పనివారందరూ ఈ పని చేయరన్నది కూడా గుర్తుంచుకోవాలి. స్టాక్ చెక్కడంలో ఆరితేరినవాడికి, పాత తుపాకుల నీలిరంగు పూతలో దిట్టకు, చాంబర్ కోయడంలో అంతే చేయి తిరిగి ఉండాలని లేదు.

మనిషి దొరికాక అడగవలసిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనవి కొలతలకు సంబంధించినవి. గొట్టం లోపలి రంధ్రం బయటి ఉపరితలానికి ఎప్పుడూ సరిగ్గా మధ్యలో ఉండదు. ఎంత పేరున్న సంస్థ తయారుచేసినా కొద్దిపాటి వంకర ఉంటుంది. అందువల్ల శ్రద్ధగల గన్‌స్మిత్ గొట్టం బయటి అంచును నమ్ముకోకుండా, లోపలి రంధ్రానికే సూక్ష్మమైన తేడాలు చూపే ఇండికేటర్ ఆనించి, లేత్ మీద అది తిరిగే తీరును అంగుళంలో పదివేల వంతుల్లో సరిచేసుకున్న తర్వాతే బ్యారెల్ రిసీవర్‌లోకి బిగిసే మరచుట్లు కోస్తాడు, చాంబర్ తొలుస్తాడు. దీన్ని ఎలా చేస్తారని అడిగినప్పుడు ఆయన ఉత్సాహంగా యంత్రం దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే అది శుభసూచకం. ‘అదంతా మీకెందుకు’ అనే జవాబు వస్తే, ఆ తలుపు నుంచే వెనక్కి తిరగవచ్చు. చాంబర్ కోసే రీమర్ ఆయన సొంతమా, అద్దెకు తెచ్చినదా అన్నది అంత పెద్ద విషయం కాదు. దాని కొలతల పటం చూపగలగాలి, అది మొద్దుబారకుండా ఉండాలి.

రెండోది హెడ్‌స్పేస్. చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ ముఖానికీ, చాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య ఉండే దూరమిది. ఇది మితిమీరితే తూటా తొడుగు చీలి, వేడి వాయువులు కాల్చేవాడి ముఖం వైపు తన్నే ప్రమాదం ఉంది. దీన్ని ‘గో’, ‘నో-గో’ అనే గేజ్‌లతో పరీక్షిస్తారు. మొదటిది పెట్టినప్పుడు బోల్ట్ మూసుకోవాలి, రెండోది పెట్టినప్పుడు మూసుకోకూడదు. ఈ పరీక్షను మీ ఎదుట చేసి చూపమని అడగడానికి సంకోచించకండి. అమెరికాలో బ్యారెల్ మార్చిన రైఫిల్‌ను ప్రభుత్వ పరీక్షాశాలకు పంపాలన్న నియమం లేదు. బ్రిటన్‌లో ఉన్నట్టు తుపాకుల భద్రతను పరీక్షించే లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌ల వంటి వ్యవస్థ అమెరికాలో లేనందువల్ల, ఆ బాధ్యత అంతా గన్‌స్మిత్ మీదే పడుతుంది.

ఏ రైఫిల్ అన్నదాన్ని బట్టి పని స్వరూపం మారుతుంది. 1962 నుంచి వస్తున్న రెమింగ్టన్ 700 వంటి వాటిలో బ్యారెల్ భుజం రిసీవర్‌కు బిగుస్తుంది. రిసీవర్ ముఖం, దాని మరచుట్లు, బోల్ట్ ముఖం ఒకే అక్షానికి సరిపడేలా సరిచేయించుకోవడాన్ని కూడా చాలామంది ఈ పనిలో కలుపుతారు. 1958లో వచ్చిన సావేజ్ 110 నమూనాలో బ్యారెల్‌ను నట్టుతో బిగిస్తారు కనుక, ముందుగానే చాంబర్ కోసిన గొట్టాలు సులువుగా దొరుకుతాయి. పని తేలికైనా హెడ్‌స్పేస్ పరీక్షను మాత్రం తెలిసినవాడి చేతే చేయించాలి. 1964కు ముందు తయారైన విన్‌చెస్టర్ మోడల్ 70 మీకు వారసత్వంగా వచ్చి ఉంటే, అసలు బ్యారెల్ తీసేయడంతో సేకరణదారుల దృష్టిలో దాని విలువ బాగా పడిపోతుందని తెలుసుకుని నిర్ణయించుకోండి. నాకైతే అలాంటి రైఫిల్‌ను అలాగే ఉంచి, వేటకు వేరొకటి కొనుక్కోవడమే సబబనిపిస్తుంది.

కొత్త గొట్టంలో గుండును తిప్పే గాడుల మెలికను ఎంచుకునేటప్పుడు తొందర పనికిరాదు. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందన్నది, మీరు వాడబోయే గుండు ఎంత పొడవైనదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 1955లో రెమింగ్టన్ తన 244 తూటాను 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులతో విడుదల చేసింది. జింకల వేటకు వాడాలనుకున్న బరువైన గుళ్లకు ఆ మెలిక చాలదన్న పేరు రావడంతో, 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే 243 విన్‌చెస్టర్ దాన్ని అమ్మకాల్లో వెనక్కి నెట్టింది. 1963లో రెమింగ్టన్ అదే తూటాను 9 అంగుళాల మెలికతో, 6 మిల్లీమీటర్ల రెమింగ్టన్ అనే పేరుతో మళ్లీ తెచ్చినా పోయిన మార్కెట్టు తిరిగి రాలేదు. కాబట్టి గన్‌స్మిత్‌కు ‘మామూలుగా వేసేదే వేయండి’ అని చెప్పకుండా, వాడబోయే గుండు బరువు, పేరు రాసి ఇవ్వండి. తూటా రకాన్నే మార్చాలనుకుంటే, బోల్ట్ ముఖం సరిపోయే కుటుంబంలోనే ఉండటం ఖర్చు తగ్గిస్తుంది. 308 విన్‌చెస్టర్, 243 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్ ఒకే బోల్ట్ ముఖానికి పడతాయి. 30-06కూ 270కీ కూడా అదే ముఖం పడుతుంది గానీ అవి పొడవైన తూటాలు, వాటికి పొడవైన రిసీవర్ కావాలి. పాతదానికంటే లావైన గొట్టం వేయిస్తే స్టాక్‌లోని గాడిని కూడా వెడల్పు చేయించాలన్నది చాలామందికి బిల్లు చేతికి వచ్చాకే గుర్తొస్తుంది.

ఖర్చు విషయంలో, పేరున్న సంస్థ గొట్టం, దాన్ని బిగించే కూలి, పూత కలిపితే తరచూ ఒక మామూలు కొత్త వేట రైఫిల్ ధరను దాటిపోతుంది. అందువల్ల మీకు బాగా అలవాటైనదో, చేతికి కుదిరినదో, ఇష్టమైనదో అయితేనే ఈ పని గిట్టుబాటు అవుతుంది. శరదృతువులో వేట మొదలయ్యే ముందు దుకాణాలన్నీ కిక్కిరిసి ఉంటాయి. సీజను ముగిసిన వెంటనే, శీతాకాలంలో ఇచ్చేస్తే గన్‌స్మిత్‌కు తీరిక ఉంటుంది, గొట్టం తెప్పించడానికీ సమయం దొరుకుతుంది.

రైఫిల్ అప్పగించేటప్పుడు బ్యారెల్ తయారీదారు, పొడవు, మెలిక, తూటా పేరు, పూత, మొత్తం ధర, తేదీ అన్నీ ఒక కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకాలు చేయండి. పాత బ్యారెల్ తిరిగి కావాలంటే అదీ రాయించాలి. సీరియల్ నంబరు ఉండేది రిసీవర్ మీదే కనుక, ఫెడరల్ చట్టం దృష్టిలో విడి బ్యారెల్ తుపాకీ కాదు. అలాగని దాన్ని సామానులో పెట్టుకుని ఇండియాకు తెచ్చే ఆలోచన చేయకండి, అమెరికా ఎగుమతి నిబంధనలూ మన ఆయుధ చట్టమూ రెండూ అడ్డొస్తాయి. తూటా రకం మారినట్టయితే కొత్త గొట్టం మీద దాని పేరు స్పష్టంగా చెక్కించడం తప్పనిసరి. రేపు ఆ రైఫిల్ మీ కుమారుడి చేతికో, కొనుక్కున్నవాడి చేతికో వెళ్లినప్పుడు ఏ తూటా పెట్టాలో దాని మీదే రాసి ఉండాలి. తిరిగి తీసుకునే రోజున హెడ్‌స్పేస్ పరీక్ష ఫలితాన్నీ, గన్‌స్మిత్ స్వయంగా కాల్చి చూసిన తూటా తొడుగునూ, గురి కాగితాన్నీ అడిగి తీసుకోండి. ఆ తొడుగు మీద పగుళ్లు గానీ, అడుగున మెరిసే వలయం గానీ కనబడితే రైఫిల్‌ను అక్కడే వదిలి, మళ్లీ కొలవమని చెప్పండి.