తల తిరుగుతోందా, కళ్లు బైర్లు కమ్ముతున్నాయా? డాక్టరుకు ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి?

పోయినేడాది ఎండాకాలంలో అమ్మ అనంతపురం నుంచి బెంగళూరు వచ్చింది. వారం తిరక్కుండానే ‘కళ్లు తిరుగుతున్నాయిరా’ అంది. మారతహళ్లిలో మా వీధి చివరి క్లినిక్‌కి తీసుకెళ్లి, డాక్టరుగారితో ‘గిడ్డీగా ఉందంట’ అన్నాను. ఆయన బీపీ చూసి, ఎండ దెబ్బేమోనని ఓఆర్ఎస్ తాగమన్నారు. తగ్గలేదు. లోపం నేను చెప్పిన మాటలోనే ఉంది. గిడ్డీ, డిజీ అంటే ఏ రకం తిరుగుడో ఎదుటివాళ్లకు తెలియదు. విడదీసి చెప్పే మాటలు రెండున్నాయి: వర్టిగో, లైట్‌హెడెడ్.

ముందు ఇంట్లోనే తెలుగులో అడగండి, ఏం తిరుగుతోందని. మంచం, గోడలు గిర్రున తిరుగుతున్నట్టుంటే వర్టిగో. ఏదీ తిరగకుండా కళ్లు బైర్లు కమ్మి, పడిపోతానేమో అనిపిస్తే లైట్‌హెడెడ్.

తర్వాత ఎప్పుడొస్తోందో, ఎంతసేపు ఉంటోందో కనుక్కోండి. నేను ఆలస్యంగా అడిగాను. ‘ఎడమపక్కకు ఒత్తిగిల్లితే ఫ్యాను గోడ మీదికి పరిగెత్తుతోంది, మంచంకోడు పట్టుకుని కళ్లు మూసుకుంటే అర నిమిషానికి ఆగుతోంది’ అంది అమ్మ. లోపలి చెవిలోని సన్నటి క్యాల్షియం రేణువులు చోటు తప్పితే సరిగ్గా ఇలాగే అవుతుంది. దీన్ని బీపీపీవీ అంటారు. చెవి డాక్టరు అమ్మను పడుకోబెట్టి, తలను వరసగా పక్కలకు తిప్పి ఆ రేణువులను సర్దారు. ఎప్లీ పద్ధతి అంటారు దాన్ని. అమ్మకు దానితోనే నెమ్మదించింది.

లైట్‌హెడెడ్ అయితే ఎక్కువగా లేచి నిలబడినప్పుడు వస్తుంది. లేచిన 3 నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు పడిపోతే డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. ఒంట్లో నీళ్లు తగ్గడం, రక్తం తక్కువ కావడం, బీపీ మాత్రలు దీనికి కారణం కావచ్చు. అందుకే వేసుకునే మాత్రల చీటీ వెంట ఉండాలి.

ఇప్పుడు ఒక్క వాక్యం సిద్ధం చేసుకోండి. ‘ద రూమ్ స్పిన్స్ వెన్ ఐ టర్న్ లెఫ్ట్ ఇన్ బెడ్’ అనో, ‘ఐ ఫీల్ ఫెయింట్ వెన్ ఐ స్టాండ్ అప్’ అనో చాలు. వర్టిగో అనే పేరు గుర్తురాకపోయినా ఫర్వాలేదు. నర్సుతో కన్నడలో ‘తలె సుత్తుత్తె’ అని ఊరుకోకుండా, ఎప్పుడొస్తోందో కూడా చెప్పండి.

తల తిరగడంతో పాటు మూతి వంకరపోయినా, మాట ముద్దగా వస్తున్నా, ఒక పక్క చేయి పట్టు తప్పినా మాటల కోసం వెతుక్కోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.