లేఖన పఠన పాఠాలు – 3: ‘దైవావేశము’ దేనికి విశేషణం?

గత పాఠంలో ఒక వచనాన్ని దాని ముందు వెనుక వచనాలతో కలిపి చదవడం అభ్యసించాం. ఈసారి ఒకే మాట దగ్గర ఆగి చదవడం నేర్చుకుందాం. బైబిలు దేవుని వాక్యమని చెప్పడానికి క్రైస్తవులు మొదట చూపేది అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండవ పత్రిక 3వ అధ్యాయం 16వ వచనం. దానిని నోటుపుస్తకంలో చేత్తో రాసుకోండి: “దైవావేశమువలన కలిగిన ప్రతిలేఖనము ఉపదేశించుటకును, ఖండించుటకును, తప్పు దిద్దుటకును, నీతియందు శిక్షచేయుటకును ప్రయోజనకరమై యున్నది.”

ఇప్పుడు ‘దైవావేశము’ కింద గీత గీయండి. ఆవేశమనగానే నేటి తెలుగు చెవికి తోచేది ఉద్రేకం, లేదా జాతరలో గణాచారికి వచ్చే పూనకం. అందువల్ల రాసినవాడు ఒళ్లు తెలియని స్థితిలో ఉండగా చేయి తనంతట తాను కదిలిందన్నట్టు ఒక చిత్రం మనసులో పడిపోతుంది. కాని వాక్యాన్ని విడదీసి చూస్తే, ‘దైవావేశమువలన కలిగిన’ అన్నది లేఖనానికి విశేషణమే తప్ప రాసినవానికి కాదు. గ్రీకు మూలంలోని ‘థెయోప్న్యూస్టోస్’లో ‘దేవుడు’, ‘ఊపిరి విడుచు’ అనే రెండు మాటల ధాతువులున్నాయి. మన మాట మన ఊపిరి మీద ఎలా బయటికి వస్తుందో, ఈ లేఖనం అలా దేవుని నోటి నుండి వచ్చిందని భావం. రాసినవాని మనఃస్థితి గురించి ఈ వచనం ఏమీ చెప్పదు.

ఇక్కడ మరొక చిక్కుంది. గ్రీకులో ఈ భాగానికి క్రియాపదం లేదు. చదువరే దానిని చేర్చుకోవాలి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ‘లేఖనమంతా దైవావేశం వలన కలిగినది, ప్రయోజనకరమైనది’ అన్న తీరులో చేర్చింది. 1881లో వచ్చిన సవరణ ‘దైవావేశం వలన కలిగిన ప్రతి లేఖనం ప్రయోజనకరం కూడా’ అన్నది. మన తెలుగు పాఠం ఈ రెండవ తీరుకే దగ్గరగా ఉంది. ఇలా చదివితే దైవావేశం లేని లేఖనం కూడా ఉంటుందనే అర్థం రాదా అని కొందరు భయపడతారు. ఆ భయానికి బలం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే 15వ వచనం అప్పటికే ‘పరిశుద్ధలేఖనములు’ అని, తిమోతి బాల్యం నుండి ఎరిగిన గ్రంథాలనే, అంటే మనం పాత నిబంధన అనేవాటినే, ఉద్దేశించింది. మరి కొత్త నిబంధనలోని రాతల మాటేమిటంటారా, పౌలు పత్రికలను ‘తక్కిన లేఖనముల’ సరసన పెట్టిన మాట కోసం పేతురు రెండవ పత్రిక 3:16 చూడండి.

మరి రాసిన మనిషి పాత్ర ఏమిటి? కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 1:14–16 తీయండి. క్రిస్పునకు, గాయియుకు తప్ప మరెవరికీ బాప్తిస్మం ఇవ్వలేదని చెప్పిన పౌలు, అంతలోనే స్తెఫను ఇంటివారు గుర్తుకు వచ్చి వారిని చేర్చి, ఇంకెవరికైనా ఇచ్చానేమో ఎరుగనంటాడు. మతిమరుపు కూడా కొట్టివేయకుండా లేఖనంలో నిలిచిపోయింది. లూకా తన సువార్తను, సంగతులన్నిటినీ మొదటినుండి తరచి తెలుసుకున్నానని చెప్పి మొదలుపెడతాడు. దైవావేశాన్ని గురించి చెప్పిన ఆ పత్రికలోనే, తరువాతి అధ్యాయంలో, త్రోయలో కర్పు వద్ద విడిచిన అంగీని తెమ్మనే మాటా ఉంది. కనుక ఇది, వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు వేదాన్ని అపౌరుషేయమన్న అర్థంలో కర్త లేని గ్రంథం కాదు. క్రైస్తవుల దృష్టిలో మాట దేవునిదే, రాత నిజంగా మనిషిదే. 1965లో కతోలిక సంఘపు రెండవ వాటికన్ సభ కూడా ఆ మనుషులను నిజమైన రచయితలనే పిలిచింది.

ప్రామాణ్యం విషయంలో సంఘాలు ఇక్కడి నుండే వేరవుతాయి. కతోలికులు లేఖనాన్ని సంప్రదాయంతోనూ సంఘ బోధనాధికారంతోనూ కలిపి చదువుతారు. మన జిల్లాల్లో చాలామంది ఎరిగిన దక్షిణ ఇండియా సంఘం, 1947లో ఏర్పడినప్పుడే, రక్షణకు అవసరమైనవన్నీ లేఖనాల్లో ఉన్నాయని, విశ్వాసానికి అవే అత్యున్నత ప్రమాణమని అంగీకరించింది. 1978లో చికాగోలో కూడిన సువార్తిక (ఇవాంజెలికల్) పండితులు లేఖనంలో ఏ దోషమూ లేదన్నారు గాని, దైవావేశమన్న మాట ఖచ్చితంగా వర్తించేది మూలప్రతులకేనని, అనువాదాలకు అవి మూలాన్ని నమ్మకంగా తెలిపినంత మేరకేనని స్పష్టం చేశారు. తెలుగు మాట దగ్గర ఆగి మూలాన్ని అడగడం తప్పు కాదని వారి మాటను బట్టి కూడా తేలుతుంది.

అభ్యాసం: అదే వచనంలోని ‘శిక్షచేయుట’ కింద గీత గీయండి. నేడు శిక్ష అంటే దండన. ఆరు వేదాంగాల్లో ఒకటైన ‘శిక్ష’ మాత్రం ఉచ్చారణ నేర్పే శాస్త్రం. ఇక్కడి గ్రీకు మాట ‘పైదెయా’, పిల్లవాణ్ణి తీర్చిదిద్దే పెంపకం. అదే మాట ఎఫెసీయులకు 6:4లోనూ, హెబ్రీయులకు 12:11లోనూ ఉంది. మూడు వచనాలను పక్కపక్కన రాసుకుని, ఎక్కడ ‘శిక్షణ’ అని పెడితే అర్థం నిలుస్తుందో, ఎక్కడ దెబ్బ నొప్పి కూడా మాటలో కలిసే ఉందో గుర్తించండి. హెబ్రీయుల వచనం దగ్గర తొందరపడకండి. 4వ పాఠాన్ని ఆ వచనంతోనే మొదలుపెడదాం.