ఉగ్గుగిన్నె అటకెక్కించి చెంచా పట్టుకున్నాం

మా చిన్నదానికి ఐదో నెల రాగానే అత్తయ్య తెనాలి నుంచి వెండి గిన్నె పట్టుకుని దిగారు. ఆడపిల్లకి బేసి నెలలో అన్నప్రాసన చెయ్యాలి, మూఢం రాకముందే కానిచ్చేద్దాం అన్నారు. నేనేమో ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టనని మొండికేసి కూర్చున్నాను. రెండు రోజులు ఇద్దరం ముభావంగా తిరిగాం. మూడో రోజు వేళ్ళ మీద లెక్కపెడుతుంటే తట్టింది. ఆరు నెలలు నిండాక నడిచేది ఏడో నెల. ఏడు కూడా బేసే కదా! అత్తయ్య ఓ నిమిషం ఆలోచించి, "సరేలే, మా ఆడపడుచుకీ ఏడోనెల్లోనే చేశారు" అన్నారు. గొడవ తీరిపోయింది.

మీ ఇంట్లోనూ ఈ పేచీ వస్తే ఇదే లెక్క చెప్పండి. "ఆరో నెల వచ్చింది" అనడం వేరు, "ఆరు నెలలు నిండాయి" అనడం వేరు. మొదటిదానికి 150 రోజులు, రెండోదానికి 180. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఈ 180 గురించి. మగపిల్లాడికి సరి నెల కావాలంటే వేడుక ఎనిమిదో నెలలో పెట్టుకోండి, తిండి మాత్రం 180 నిండగానే మొదలుపెట్టెయ్యండి. వేడుక కోసం పిల్లాణ్ణి ఆపొద్దు. కడుపులో ఉన్నప్పుడు తల్లి దగ్గర దాచుకున్న ఇనుము ఆ వయసుకి అడుగంటుతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ, అది మన తిండి తప్పు కాదు, పాల స్వభావమే అంత.

రోజులతో పాటు పిల్లనీ చూడాలి. మెడ నిలవాలి, ఆసరా ఇస్తే కూర్చోవాలి, మనం తింటుంటే ముద్ద వెంట కళ్ళు తిప్పాలి. మాది ఆరో నెల చివర్లో వాళ్ళ నాన్న చేతిలో దోశ వైపు ఒక్క ఉరుకు ఉరికింది. అంతకంటే సూచన ఏం కావాలి?

ఇక పెద్దాడి కథ చెప్పాలి, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా వాడి మీదే. వాణ్ణి కాళ్ళు చాపి మోకాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో పలచటి ఉగ్గు నోట్లో పోసేవాళ్ళం. అమ్మమ్మల కాలం నుంచీ అదే పద్ధతి. ఒకరోజు పోస్తుండగా వాడు ఏడవబోయాడు, పొలమారింది. ముక్కులోంచి వచ్చింది, మొహం కందిపోయింది. తలకిందులు చేసి వీపు తట్టాక ఊపిరి అందుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తర్వాత భయంతో పదకొండో నెల దాకా అన్నీ మిక్సీలో వెన్నలా తిప్పి పెట్టాను. దానికి ఇంకో శిక్ష పడింది. రెండేళ్ళొచ్చినా పప్పన్నం నమలకుండా బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడు. ఫోన్లో బొమ్మలు పెడితేనే నోరు తెరిచేవాడు.

అందుకే చిన్నదాని విషయంలో మొదట మార్చింది వంట కాదు, కూర్చోబెట్టే తీరు. నా ఒళ్ళో నిటారుగా, వీపు నా పొట్టకి ఆనించి కూర్చోబెట్టేదాన్ని. ఎదురుగా అత్తయ్య చెంచాతో ఉండేవారు. చెంచా పెదవి దగ్గరికి తీసుకెళ్ళి ఆగాలి. నోరు తెరిస్తేనే లోపలికి. మొహం పక్కకి తిప్పితే ఆ పూటకి అయిపోయినట్టే. "ఇంకొక్క ముద్ద" లేదు. అత్తయ్యకి అన్నిటికంటే కష్టమైంది ఇదే, నాకూ అంతే.

అన్నప్రాసన రోజున పరమాన్నం వేలి కొసతో నాలిక్కి రాశాం, అంతే. అసలు తిండి మర్నాడు పొద్దున పదింటికి మొదలైంది. నిద్ర తీరి, పాలు తాగి గంటన్నర అయిన వేళ. మరీ ఆకలిగా ఉంటే పిల్లలు ఏడుస్తారు, కడుపు నిండుంటే పట్టించుకోరు. మొదటి చెంచా లోపలికి పోయింది, నాలుక దాన్ని బయటికి నెట్టేసింది, గడ్డం మీదికి జారింది. "నచ్చలేదే దానికి" అన్నారు అత్తయ్య. నచ్చకపోవడం కాదు. ఆ నాలుక ఆర్నెల్లుగా చీకడం ఒక్కటే నేర్చింది, ముద్దని వెనక్కి తీసుకెళ్ళడం దానికి కొత్త. గడ్డం మీది ఉగ్గు చెంచాతో తీసి మళ్ళీ పెట్టాం. ఐదు చెంచాలు పెడితే కడుపులోకి ఒకటి వెళ్ళిందేమో. ఎనిమిదో రోజుకి పై పెదవి చెంచా మీద మూసి, ఉన్నదంతా ఊడ్చుకుంది. చూడ్డానికి చిన్న విషయం, ఇంట్లో మాత్రం పండగే.

మా ఉగ్గు ఇలా. ఒక గ్లాసు బియ్యం, పావు గ్లాసు పెసరపప్పు కడిగి, పాతచీర మీద నీడన ఆరబెట్టాలి. పూర్తిగా ఆరాక సన్నని సెగ మీద విడివిడిగా దోరగా వేయించాలి. పప్పు కమ్మటి వాసన రావాలి, ఎర్రబడకూడదు. అర చెంచా జీలకర్ర వేసి, చల్లారాక మిక్సీలో సన్నరవ్వలా ఆడించి గాజు సీసాలో పోసుకోవాలి. తడి చెంచా అందులో పెట్టకండి. వండేటప్పుడు రెండు పెద్ద చెంచాల రవ్వని ముందు చన్నీళ్ళలో ఉండ లేకుండా కలిపి, మొత్తం గ్లాసు నీళ్ళతో పొయ్యి మీద పెట్టి ఎనిమిది పది నిమిషాలు తిప్పుతూ ఉండాలి. దించాక అర చెంచా నెయ్యి. చల్లారేకొద్దీ బిగుస్తుంది కాబట్టి కాస్త జారుగా ఉండగానే దించండి. మరీ బిగిస్తే పిండిన తల్లిపాలు ఒక చెంచా కలిపేదాన్ని. తెలిసిన రుచి కదా, త్వరగా మింగేది.

చిక్కదనం ఎంతుండాలో చెంచాయే చెబుతుంది. చెంచా వంచితే ఉగ్గు వెంటనే కారిపోకూడదు, నెమ్మదిగా జారాలి. చాలా ఇళ్ళలో పప్పు మీది తేట, గంజి, పలచటి జావ పెట్టి "తిన్నది" అనుకుంటారు. ఏడు కిలోల పిల్ల పొట్టలో పట్టేదే సుమారు గ్లాసు. అందులో నీళ్ళు నింపితే ఇక తిండికి చోటెక్కడ? ఈ వయసులో తిండి నుంచి రోజుకి కావలసింది దాదాపు 200 కేలరీలే, మిగతాదంతా పాలు చూసుకుంటాయి. ఆ 200 నాలుగు ముద్దల్లో అందాలంటే చిక్కగా ఉండాలి, నెయ్యో నూనో పడాలి.

రాగుల దగ్గర ఒక కిటుకుంది. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి పిండి ఆడించుకోండి. చిక్కటి జావలో ఈ మొలకల పిండి పావు చెంచా వేసి కలిపితే నాలుగైదు నిమిషాల్లో జావ జారుగా మారుతుంది. మొలకలోని ఎంజైము జావలోని పిండిపదార్థాన్ని విడగొడుతుంది. తర్వాత మళ్ళీ ఓ పొంగు రానివ్వాలి. నీళ్ళు పొయ్యకుండానే పలచనవుతుంది, బలం తగ్గదు. మొదటిసారి చూసి అత్తయ్య "ఇదేం మాయే" అన్నారు.

మొదటి వారం ఒక పూట, రెండు మూడు చెంచాలు. రెండో వారం నుంచి రెండు పూటలు. ఎనిమిది నెలలు నిండేసరికి రెండు మూడు పూటలు, పూటకి పావులీటరు గిన్నెలో సగం. తొమ్మిది దాటాక మూడు నాలుగు పూటలు, మధ్యలో ఓ పండు ముక్క. ఇవి గీత గీసిన లెక్కలు కావు. పళ్ళొచ్చే వారం మాది రెండు చెంచాలతో సరిపెట్టింది, తర్వాతి వారం గిన్నె నాకేసింది.

కొత్త పదార్థం పెట్టినప్పుడు రెండు మూడు రోజులు అదే పెట్టి చూసేదాన్ని, ఒంటిమీద దద్దుర్లు లేస్తాయేమో, వాంతులవుతాయేమో తెలుస్తుందని. కొత్తది ఎప్పుడూ పగటిపూటే. గుడ్డు ఏడాది దాకా వద్దనే మాట పాతబడింది. బాగా ఉడికించిన గుడ్డు ఆరు నెలల తర్వాత పెట్టొచ్చు. వేరుశనగ కూడా అంతే, కాకపోతే గింజగా కాదు, మెత్తటి ముద్ద చేసి జావలో పలచగా కలిపి. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) ఉన్న పిల్లలకైతే ముందు డాక్టర్ని అడగండి.

ఇనుము కోసం మేం నమ్ముకున్నవి గుడ్డు, తోటకూర, వారానికోసారి ఉడికించి మెదిపిన కోడి కార్జం. చేపల్లో కొర్రమీను, ముళ్ళు తక్కువ కాబట్టి. అయినా వేళ్ళతో రెండుసార్లు చిదిమి చూశాకే. శాకాహారులైతే పప్పు, ఆకుకూరల మీద రెండు చుక్కలు నిమ్మరసం పిండండి, ఇనుము ఒంటికి పడుతుంది. ఆరు నెలలు నిండిన పిల్లలకి ఆశా కార్యకర్తలు ఐరన్ సిరప్ ఇస్తారు, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు. మలం నల్లగా వస్తే కంగారుపడొద్దు. ఇక్కడ తెలంగాణలో అంగన్‌వాడీలో బాలామృతం అనే పిండి కూడా ఇస్తారు, ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా, నెలకి 2.5 కిలోలు. అందులో చక్కెర ఉంది, మళ్ళీ మీరు వెయ్యకండి.

ఉప్పు, పంచదార ఏడాది దాకా వెయ్యలేదు. "చప్పిడి తిండి ఎలా తింటుందే" అని అత్తయ్య పోరు. ఉప్పు రుచి తెలియని నాలుకకి చప్పన అని తెలియదు. తేనె మాత్రం నాలిక్కి రాయడం కూడా వద్దు. బొట్యులిజం అనే అరుదైన, ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, ఏడాది లోపు పిల్లల పేగులు దాన్ని తట్టుకోలేవు. ఆవుపాలు, గేదెపాలు తాగించడం కూడా ఏడాది తర్వాతే. పెరుగు ఇబ్బంది లేదు.

ఎనిమిదో నెలలోనే మిక్సీ మానేశాను. అన్నం, పప్పు వేళ్ళతో మెదపడమే. తొమ్మిదికి ఇడ్లీ ముక్క, మెత్తగా ఉడికిన క్యారెట్ దాని చేతికే ఇచ్చాం. సగం జుట్టుకి, సగం నేలకి. కొన్నిసార్లు ఓక్ మంటుంది. శబ్దం వస్తోంది, దగ్గుతోంది, మొహం ఎర్రబడిందంటే తనే సర్దుకుంటోంది, వేలు పెట్టి కెలకొద్దు. శబ్దం రాక, ఏడుపు రాక, పెదాలు నీలిరంగుకి తిరిగితేనే గొంతుకి అడ్డం పడినట్టు. అప్పుడు ముంజేతి మీద బోర్లా, తల కిందికి వచ్చేలా పట్టుకుని భుజాల మధ్య అరచేతి మడమతో (మణికట్టు దగ్గరి గట్టి భాగంతో) ఐదు దెబ్బలు, రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ నడుమ ఒక అరచేతి మడమతో ఐదు నొక్కులు, మార్చి మార్చి. పక్కవాళ్ళని 108కి ఫోన్ చెయ్యమనాలి. నేనూ అత్తయ్యా దీన్ని బొమ్మ మీద సాధన చేశాం. వేరుశనగ గింజలు, శనగలు, ముక్కలు చెయ్యని ద్రాక్ష, పచ్చి క్యారెట్ మా ఇంట్లో దానికి అందే ఎత్తులో ఉండవు.

తిండి మొదలైందని పాలు తగ్గించలేదు. నా 26 వారాల సెలవులో రెండు వారాలు కాన్పుకి ముందే పోయాయి, అందుకే ఆరు నెలలు నిండకముందే ఆఫీసులో ఉన్నాను. పొద్దున, సాయంత్రం, రాత్రి నా పాలు. పగలు పిండి ఫ్రిజ్‌లో పెట్టినవి గిన్నెతో అత్తయ్య తాగించేవారు. ఉగ్గు దగ్గర కాచి చల్లార్చిన నీళ్ళు రెండు గుక్కలు. పాలసీసా మా ఇంట్లోకి రాలేదు.

ఒక్క సంగతి. పాప తిన్న గిన్నెలో మిగిలింది దాచి సాయంత్రం పెట్టకండి, ఎంగిలి తగిలాక పాడవుతుంది. అందుకే తపేలాలోంచి కొంచెం కొంచెం గిన్నెలోకి తీసుకునేవాళ్ళం. తపేలాలో మిగిలింది పారబోసే అవసరం రాలేదు. అత్తయ్య అందులో చిటికెడు ఉప్పు కలుపుకుని, ఊరమిరపకాయ నంజుకుని, అరుగు మీద కూర్చుని తినేసేవారు.