నగరం గురించి వికీపీడియా వ్యాసంలో ఏం ఉంచాలి, ఏం వదిలెయ్యాలి

నగరం మీద వ్యాసం రాయడానికి కూర్చున్నవాళ్ళకి సమాచారం దొరక్కపోవడం చాలా అరుదు, దొరికినదాంట్లో దేన్ని వదిలెయ్యాలో తేల్చుకోవడమే అసలు పని. వికీపీడియాలో ఎవరైనా రాయొచ్చు కాబట్టి నగరం పేజీ ఏళ్ళ తరబడి పెరుగుతూ పోతుంది. ఒకరొచ్చి తాము చదివిన కాలేజీ పేరు చేరుస్తారు, ఇంకొకరు కొత్తగా తెరిచిన షాపింగ్ మాల్ చేరుస్తారు, మరొకరు తమ వార్డు కార్పొరేటర్ పేరు చేరుస్తారు, తీసేసేవాళ్ళు మాత్రం పెద్దగా ఉండరు. చివరికి ఆ పేజీ చదివితే నగరంలో ఏమేం ఉన్నాయో తెలుస్తుంది గానీ, అది అక్కడే ఎందుకు పుట్టింది, దేని మీద బతుకుతోంది, ఎప్పుడు ఎలా మారింది అన్నది తెలియదు. నగరంలో ఉన్నవన్నీ నగరం గురించిన విషయాలు కావు. ఈ తేడా పట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

ఒక వాక్యం చేర్చే ముందు అందులో నగరం పేరు తీసేసి ఇంకో నగరం పేరు పెట్టి చదవండి. అప్పుడూ సరిపోతోందంటే ఆ వాక్యం ఏమీ చెప్పట్లేదన్నమాట. "ప్రాచీన సంస్కృతీ ఆధునికతా కలబోసుకున్న ఈ నగరం శరవేగంగా అభివృద్ధి చెందుతోంది" అన్నది ఏ ఊరికైనా అతుకుతుంది, మొహమాటపడకుండా తీసేయండి. అదే "1589లో ఓటా నది డెల్టా మీద కోట కట్టడం మొదలయ్యాక ఊరు దాని చుట్టూ పెరిగింది" అన్నారనుకోండి, అది హిరోషిమాకి తప్ప ఇంకో ఊరికి చెల్లదు.

తర్వాతి ప్రశ్న, మూలం ఉందా అని, అంటే ఆ సంగతి చెప్పే పుస్తకమో పత్రికో ఏదైనా చూపించగలమా అని. మూలం లేకపోతే ఇక చర్చే లేదు. కానీ మూలం ఉంటే చాలు, పెట్టేయొచ్చు అనుకోవడం దగ్గరే చాలామంది పొరపడతారు. పెద్ద నగరం గురించి రోజూ పేపర్లో బోలెడు వార్తలొస్తాయి, ప్రతిదానికీ లింకు దొరుకుతుంది, అలాగని అన్నీ ఎక్కించలేం కదా. వికీపీడియా నియమం ప్రకారం కూడా మూలం ఉన్నంత మాత్రాన విషయం వ్యాసంలో ఉండి తీరాలని లేదు, దాన్ని ఉంచాలనుకునేవాళ్ళే ఎందుకు ఉంచాలో మిగతావాళ్ళని ఒప్పించాలి. నేనైతే ఇలా చూస్తాను: ఆ నెలలో వచ్చిన వార్తలు కాకుండా, కొన్నేళ్ళ తర్వాత ఆ నగరం గురించి రాసినవాళ్ళు కూడా దాన్ని పట్టించుకున్నారా? ఒక రోజు ట్రాఫిక్ స్తంభించిన సంగతి అక్కర్లేదు. ఒక వరద వల్ల నగరం డ్రైనేజీ మొత్తం మార్చుకోవాల్సి వస్తే అది తప్పకుండా ఉండాలి.

ఉండాల్సిన విషయమే అయినా ఎంత ఉండాలన్నది ఇంకా కష్టం. మళ్ళీ హిరోషిమానే తీసుకోండి. 1945 ఆగస్టు 6న పడ్డ అణుబాంబు లేకుండా ఆ వ్యాసం ఉండదు, కానీ విమానం, బాంబు నిర్మాణం, యుద్ధ నిర్ణయాలు అన్నీ అక్కడే రాస్తే మనుషులు ఇవాళ్టికీ బతుకుతున్న నగరం కాస్తా ఒక్క రోజుగా మిగిలిపోతుంది, అది ఆ ఊరికి చేసే అన్యాయం. ఆ వివరాలకి వేరే వ్యాసం ఉంటుంది. నగరం పేజీలో ఆ దాడి వల్ల ఊరికి ఏమైంది, మళ్ళీ ఎలా కట్టుకున్నారు అన్నది రాసి అక్కడికి లింకు ఇస్తే సరిపోతుంది. ఇలాంటిదే ఇంకో చిక్కు, మాజ్దా కార్ల కంపెనీ ప్రధాన కార్యాలయం. అది ఉన్న ఫుచూ పట్టణం చుట్టూతా హిరోషిమాయే ఉన్నా, పాలనపరంగా ఆ పట్టణం వేరు. అయినా ఆ ప్రాంతపు ఆర్థిక వ్యవస్థ గురించి చెబుతూ మాజ్దాని వదిలెయ్యలేం. కాబట్టి రాయండి, కానీ కార్యాలయం నగర పరిధిలో లేదన్న మాట కూడా రాయండి.

పరిధి సంగతి అంకెల దగ్గర మరీ ముఖ్యం. 2021 జనగణనలో గ్రేటర్ లండన్ జనాభా సుమారు 88 లక్షలు, దాని నడుమ ఉన్న పాత "సిటీ ఆఫ్ లండన్" జనాభా 9 వేల లోపు. రెండూ నిజమే, రెంటినీ లండనే అంటారు. అందుకే జనాభా రాసినప్పుడల్లా ఏ సంవత్సరం, ఏ హద్దుల్లో అన్నది పక్కనే ఉండాలి. సమాచారపెట్టెలో, అంటే వ్యాసం పక్కన ముఖ్యమైన అంకెలు చూపించే పట్టికలో, ఒక పరిధి జనాభా, ఇంకో పరిధి విస్తీర్ణం పెడితే జనసాంద్రత ఎటూ కాకుండా పోతుంది.

ప్రముఖుల జాబితా దగ్గర కాస్త కఠినంగా ఉండండి. తమ మీద విడిగా వికీపీడియా వ్యాసం ఉన్నవాళ్ళని మాత్రమే, అదీ ఆ ఊరితో వాళ్ళ సంబంధానికి మూలం ఉంటేనే చేర్చాలి. అక్కడి ఆసుపత్రిలో పుట్టి నెల తిరక్కుండా వెళ్ళిపోయినవాళ్ళకంటే, ఎక్కడో పుట్టినా ఆ నగరాన్ని మార్చినవాళ్ళే ముఖ్యం. జాబితా పెరిగిపోతే విడి పేజీ చేసెయ్యండి.

హోటళ్ళు, టికెట్ ధరలు, ఏ నెలలో వెళితే బాగుంటుంది, ఇవేవీ వద్దు. వాటికి వికీపీడియా సోదర ప్రాజెక్టు, ప్రయాణికుల గైడు వికీవాయేజ్ ఉంది.

సొంత ఊరి గురించి రాసేవాళ్ళకి ఇంకో మాట. మీకు తెలిసింది నూటికి నూరుపాళ్ళు నిజమే కావచ్చు, అయినా ఎక్కడా ప్రచురణ కానిది అక్కడ రాయకూడదు. పాత మార్కెట్ భవనం గురించి మీ దగ్గర మూలం లేకపోతే, మీరే తీసిన ఫొటో వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా వాడుకునే బొమ్మల భండారంలో) ఎక్కించండి, అది ఎంతో పనికొస్తుంది. ఊరి మీది ప్రేమతో మురికివాడలు, నీటి ఎద్దడి, అల్లర్లు లాంటివి దాచెయ్యకండి. మంచి మూలాలు వాటికి ఎంత చోటిచ్చాయో మీరూ అంతే ఇవ్వండి.

ప్రవేశిక, అంటే వ్యాసం మొదట్లో వచ్చే పరిచయ భాగం, అన్నిటికంటే చివర్లో రాయండి, కింద వ్యాసంలో లేని సంగతి పైన కొత్తగా రాకూడదు. ఇక ఇతరులు రాసింది తీసేటప్పుడు, దిద్దుబాటు సారాంశంలో (మార్పు భద్రపరిచేటప్పుడు రాసే చిన్న వివరణలో) కారణం చెప్పండి. పెద్ద భాగమైతే ముందు చర్చ పేజీలో అడిగి కొన్ని రోజులు ఆగండి. విడి వ్యాసంలోకి తరలిస్తుంటే, ఏ పేజీ నుంచి తెచ్చారో కొత్త పేజీ సారాంశంలో లింకుతో సహా రాయండి, ఎందుకంటే ఆ వాక్యాలు రాసినవాళ్ళ పేర్లు పాత పేజీ చరిత్రలోనే ఉంటాయి, వాళ్ళకి గుర్తింపు ఇవ్వడం వికీపీడియా పాఠ్యానికి వర్తించే లైసెన్సు షరతు.